పెరుగన్నం దాకా

2012 డిసెంబరు ఎనిమిదో తేదీ, శనివారం, మధ్యాహ్నం పన్నెండు గంటల నలభై నిమిషాలు. ఇంగ్లండ్‌లోని స్లౌలో ఉష్ణోగ్రత మూడు డిగ్రీలు. గాలి లేదు. ఉదయం పట్టిన పొగమంచు ఇళ్ళ కప్పులను విడిచిపెట్టింది గాని, చెట్ల కొమ్మల మధ్య ఇంకా వేలాడుతోంది. నేను మా మేనల్లుడు చక్రి కారులో, ఒక కేర్‌హోమ్ ప్రహరీగోడ పక్కన కూర్చుని, కారు రేడియోలోని బుసను వింటున్నాను. గోడకు అవతల, మొదటి అంతస్తు కిటికీ ఒకదాని వెనుక, చక్రి తండ్రి, అంటే నా తమ్ముడు సాంబశివరావు ఉన్నాడు. లోపల వాంతులూ విరేచనాలూ వ్యాపించినందున సందర్శకులెవరినీ రానివ్వబోమని గేటుకు బోర్డు కట్టారు.

ఫోన్ నా ఒళ్ళో ఉంది. చక్రి తన ఇంటి అటకలో ఉన్నాడు. ఆ ఇల్లు ఇక్కడికి రెండు వీధుల అవతల.

“అత్తయ్యా, ఇప్పుడు?”

“లేదు. బుస తప్ప ఏమీ లేదు.”

“ఇంకో అడుగు జరిపాను. ఇప్పుడో?”

“చక్రీ, నీ తల మీద వెండిరేకులాంటిది మెరుస్తోందా?”

“ఇన్సులేషన్ అత్తయ్యా. లాస్ట్ ఇయరే వేయించాం. కౌన్సిల్ స్కీమ్‌లో ఫ్రీగా వచ్చింది.”

“ఆ రేకు మా వైపు వచ్చే తరంగాలన్నిటినీ వెనక్కి కొడుతోంది. పక్కగోడ ఉత్త ఇటుకేగా? యాంటెన్నాను అక్కడికి తీసుకుపో. నిలువుగా పట్టుకో.”

“నేనిక్కడ మోకాళ్ళ మీద ఉన్నాను. నా తలే నిలువుగా లేదు.”

ఏదో జారిన చప్పుడు, చక్రి ఇంగ్లీషులో ఒక మాట. అప్పుడు బుస చీరినట్లుగా తెరుచుకుని, దాని మధ్యనుంచి నా మరదలు కాంతం గొంతు వచ్చింది.

“వదినగారూ, వినపడుతోందా? వినపడకపోతే వినపడటం లేదని చెప్పండి. అయ్యో, మీరు చెప్పినా నాకెలా తెలుస్తుంది! ఒక్కదాన్నే గోడతో మాట్లాడుతున్నాను, కిటికీలోంచి చూసేవాళ్ళు ఏమనుకుంటారో...”

నేను ఫోన్‌లో చక్రితో, “దాన్ని అక్కడే కట్టెయ్యి” అన్నాను.

ఆ గొంతును పంపిన ట్రాన్స్‌మిటర్ నాది కాదు, కాంతం కోసం కొన్నదీ కాదు. చక్రి ఏటా దీపావళికి ఇంటి ముఖమంతా విద్యుద్దీపాలు కట్టి క్రిస్మస్ దాటేవరకు ఉంచేవాడు. దీపాలు పాటకు తగినట్లు వెలిగి ఆరేవి. ఆ పాట వీధికి గోల కాకుండా, ఒక చిన్న పెట్టెతో ఎఫ్.ఎం.లో ప్రసారం చేసేవాడు. చూడవచ్చినవారు అద్దాలు ఎత్తుకుని, కారు రేడియోలో పాట వింటూ కూర్చునేవారు. ఇటువంటి పెట్టెలకు ఈ దేశంలో అనుమతించిన శక్తి అత్యల్పం. ఇంటి ముందు ఆగిన నాలుగైదు కార్లకు వినపడితే దాని పని అయిపోయినట్లే. ప్రదర్శన సాయంత్రాలు మాత్రమే ఉండేది గనుక, మధ్యాహ్నం ఆ పెట్టె ఊరకే ఉండేది.

సాంబశివరావు స్లౌ ట్రేడింగ్ ఎస్టేట్ అనే ఫ్యాక్టరీల పేటలో ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడు. మొదటి పక్షవాతం అతని నడకను, రెండోది ఇంగ్లీషును తీసుకుపోయాయి. ఆ తర్వాత మిగిలిన తెలుగులో కూడా అతను వినేది ఎక్కువ, అనేది తక్కువ. ఒంటరిగా లేచి నిలబడకూడదని డాక్టర్లు గట్టిగా చెప్పారు, అతనికి ఆ ఉద్దేశమూ ఉన్నట్లు కనిపించేది కాదు. ఎక్కడ కూర్చోబెడితే అక్కడే ఉండేవాడు. కేర్‌హోమ్‌లో చేర్చిన నాటినుంచి కాంతం ప్రతి మధ్యాహ్నం వెళ్ళి, పళ్ళెం ముందు కూర్చుని, తినిపించి వచ్చేది. నవంబరు చివర గేటు మూసిన తర్వాత అతను తినడం మానేశాడు.

అతని బాగోగులు చూసే ఇవోనా అనే పోలిష్ అమ్మాయి రోజూ ఫోన్ చేసేది. “పళ్ళెం పెడతాను. దాన్ని చూస్తాడు. తర్వాత తలుపును చూస్తాడు. చెంచా నోటిదాకా తెస్తే పెదవులు బిగిస్తాడు.” సిబ్బందిలో సగం మంది మంచం పట్టారు, డ్యూటీల రోటా అంతా తారుమారైంది. ఇవోనా ఒక్కో గదిలో నిలబడగలిగేది కొద్ది నిమిషాలే. వారంలోగా తినకపోతే ఆసుపత్రికి పంపి గొట్టం వేయించవలసి ఉంటుందని, అతని ఒంటికి అది మంచిది కాదని అక్కడి డాక్టరు, జి.పి., చెప్పాడు.

ఫోన్ అతని చెవి దగ్గర పెట్టించాము. దాన్ని చేత్తో తోసేసి గోడవైపు తిరిగాడు. చక్రి కాంతం గొంతు రికార్డు చేసి, సీడీ గేటు దగ్గర ఇచ్చివచ్చాడు. దానివల్ల పని మరింత చెడింది. సీడీలో కాంతం “పప్పు కలుపుకోండి” అన్నది. పళ్ళెంలో ఉన్నది బఠాణీలు, క్యారెట్లు. సాంబశివరావు చాలాసేపు పళ్ళెంలో వెతికి, దాన్ని ముందుకు నెట్టివేశాడట.

“ఆయన తప్పేముంది?” అన్నది కాంతం. “పప్పు అని చెప్పి బఠాణీలు పెడితే ఎవరికైనా మండుతుంది. ఆ రోజు ఏం పెట్టారో చూసి మాట్లాడాలి గాని, ముందే మాట్లాడి పెట్టుకుంటే అది వడ్డన ఎలా అవుతుంది?”

ఈ మాటలోని తర్కాన్ని నేను కాదనలేకపోయాను. లండన్ శివారు హౌన్స్‌లోలో ఒక పాఠశాలలో ఇరవై ఏళ్ళకు పైగా భౌతికశాస్త్రం చెప్పినదాన్ని. కావలసింది ఆ పూట పళ్ళేన్ని ఎరిగిన సజీవమైన గొంతు. అది ఫోన్‌లాగ చెవికి అంటుకోకుండా, గదిలో పక్కనుంచి వచ్చినట్లు రావాలి. అతని గదిలో పాత రేడియో ఉంది. భోజనం చేస్తూ రేడియో వినడం అతనికి చిన్ననాటినుంచీ అలవాటు. కనుక ఆలోచన అటకలోని పెట్టెకు చేరింది.

చక్రి మొదట ఒప్పుకోలేదు. “అత్తయ్యా, అంత దూరం పోతే ఇల్లీగల్. వీధిలో వెలిగే ఇల్లు మనదే, ఎవరికి డౌట్ వచ్చినా ముందు మన తలుపే కొడతారు.”

“పెట్టెలోని శక్తిని నేను పెంచడం లేదు. వృథాగా పోతున్నదాన్ని ఆపుతున్నాను.”

“ఆ తేడా చట్టానికి తెలుసా?”

“తెలియదు” అన్నాను. నిజంగానే తెలియదు.

అతను కాసేపు తల్లిని చూసి, నిచ్చెన తీసుకురావడానికి వెళ్ళాడు. మేము చేసినవి చిన్న మార్పులే. టీవీ వెనుక చుట్టగా పడి ఉన్న పాత యాంటెన్నా తీగను తీసేసి, ఆ తరంగదైర్ఘ్యానికి సరిపోయే కొలతతో రెండు సమానమైన రాగికడ్డీలు కోయించి, అటకలో ఇటుకగోడకు నిలువుగా కట్టించాను. స్టీరియో తీసివేయించాను. పాటకు అది శోభ గాని, ఒక్క గొంతుకు అక్కరలేదు, పైగా స్టీరియో లేకపోతే బలహీనమైన సంకేతం కూడా తేటగా అందుతుంది. అవతలివైపు ఇవోనా, నేను ఫోన్‌లో చెప్పినట్లు, రేడియోకు ఒక తీగ తగిలించి కర్టెన్ కడ్డీ పొడవునా చుట్టింది. పంపేవైపు కొంత, అందుకునేవైపు కొంత కలిసి, వీధిలో ఆగిపోవలసిన గొంతు రెండు వీధులు దాటింది.

మొదటి వడ్డన ఆ శనివారమే, నేను కారులో ఇంటికి తిరిగివచ్చాక, ఒంటిగంటకు జరిగింది. ఇవోనా ఫోన్‌చేసి పళ్ళెంలో ఉన్నవి చదివింది: మెత్తగా మెదిపిన బంగాళదుంప, బఠాణీలు, గ్రేవీ, ఒక కప్పు కస్టర్డ్. కాంతం చక్రి పని గదిలో మైకు ముందు, వంటింట్లో పీట మీద కూర్చున్నట్లు మఠం వేసుకుని కుర్చీలో కూర్చుంది.

“ఏమండీ.”

ఆగింది. ఆ ఇంట్లో నలభై ఏళ్ళ పైబడి అతనికి ఉన్న పేరు అదే. పేరు పెట్టి పిలిచేవాళ్ళు కేర్‌హోమ్ నిండా ఉన్నారు, వాళ్ళు పిలిస్తే అతను పలికేవాడు కాదు.

“అన్నం పెట్టాను, చూశారా? తెల్లగా మెత్తగా ఉందే, అది ముద్దపప్పు అనుకోండి. దేశం కాని దేశంలో కందిపప్పు ఇలాగే ఉంటుంది. దాని మీద గోధుమరంగుది పులుసు. కలుపుకోండి. చెంచా పక్కన పడెయ్యండి, చేత్తో కలుపుకోండి. వేడి చూసుకోండి.”

మళ్ళీ ఆగింది. అవతల ఏం జరుగుతున్నదో తెలిసే దారి లేదు. ప్రసారం ఒకవైపే పోతుంది. కానీ కాంతం ఆ మౌనాన్ని కొలిచి వదిలింది. అతను ఒక ముద్ద నమిలి మింగడానికి ఎంతసేపు పడుతుందో ఆమెకు తెలుసు. పెదవులు కదలకుండా, కళ్ళు గోడమీద నిలిపి, సరిగ్గా అంతసేపు ఊరుకుని, తర్వాత “ఊఁ, ఇప్పుడా పచ్చగింజలు. అది కూర” అన్నది.

కస్టర్డ్‌ను పాయసం చేసింది. ముగింపుగా, “ఇంకొంచెం తింటే బాగుండును. సరే, రేపు చూద్దాం” అన్నది. చక్రి పాట పెట్టాడు.

అరగంట తర్వాత ఇవోనా ఫోన్ చేసింది. “సగం తిన్నాడు. చేత్తో తిన్నాడు. నేను గుడ్డతో తుడిచాను, ఏమీ అనలేదు. ఆవిడ ఏం చెప్పింది?”

“వడ్డించింది” అన్నాను.

ఆ తరువాతి పది రోజులు ఆ ఇల్లు ఒంటిగంట చుట్టూ తిరిగింది. ఉదయం ఇవోనా వంటల వివరం చెప్పేది. కాంతం వాటిని ఏ వరుసలో, ఏ పేర్లతో వడ్డించాలో ఆలోచించుకునేది. కాలీఫ్లవర్ చీజ్‌ను ఏమనాలన్న విషయం మీద తల్లీకొడుకులు ఒక పూటంతా వాదించుకున్నారు.

“పనసపొట్టు కూర అంటాను” అన్నది కాంతం.

“దానికీ దీనికీ సంబంధం ఏంటమ్మా?”

“ఆయనకు ఇష్టం. అదీ సంబంధం.”

పక్కింటి బర్నార్డ్ అనే ముసలాయన ఒకనాడు తలుపు తట్టాడు. ఒంటిగంటకు తన వంటింటి రేడియోలో ఎవరో ఆడమనిషి తెలియని భాషలో మాట్లాడుతున్నదని, అంత కోపంగా ఎవరిని తిడుతున్నదని అడిగాడు.

“తిట్టడం లేదండీ” అన్నాడు చక్రి, మొహం ఎర్రబడుతూ. “మా అమ్మ. మా నాన్నకి అన్నం పెడుతోంది.”

బర్నార్డ్ తల ఊపాడు. “అయితే నేను ఆ గంటసేపు వేరే స్టేషన్ పెట్టుకుంటాలే” అని వెళ్ళిపోయాడు. ఎవరికీ ఫిర్యాదు చేయలేదు.

బరువు తగ్గడం ఆగింది. ఆసుపత్రికి పంపే ఆలోచన ప్రస్తుతానికి విరమించామని జి.పి. చెప్పాడు. చక్రి ఆ సాయంత్రం దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగించి, నన్ను వీధిలోకి పిలిచి చూపించాడు. వరుసగా కార్లు, వాటి లోపల పసుపు వెలుగులో పిల్లల మొహాలు. చలికి నా చేతులు జేబుల్లో ఉన్నాయి. ఆ శీతకాలంలో నాకు సంతోషం అని చెప్పదగినది అదే.

కాంతం మాత్రం తృప్తి పడలేదు.

“తింటున్నారు గాని వదినగారూ, ఆయనకి భోజనం చేసినట్టు లేదు. పెరుగన్నం లేదుగా. ఆఖరున పెరుగు పడకపోతే ఆయన ఇంకా ఏదో వస్తుందని చూస్తూ కూర్చుంటారు. ఇవోనా చెప్పలేదూ, గిన్నెలు తీసేసినా ఆయన కళ్ళు బల్లమీదే ఉంటాయని?”

ఇవోనా ఆ మాట చెప్పిన సంగతి నిజమే. బయటి ఆహారం లోపలికి పోనివ్వరు. కానీ వాళ్ళ ఫ్రిజ్‌లో పెరుగు ఉంది, బుధవారం వంటల్లో అన్నం ఉంది. కాంతం తన ఇంగ్లీషును కూడగట్టుకుని స్వయంగా ఇవోనాతో మాట్లాడింది. విడిగా ఒక గిన్నెలో కాస్త అన్నం, చల్లగా లేని పెరుగు, చిటికెడు ఉప్పు. “నో షుగర్,” అని మూడుసార్లు చెప్పింది. “షుగర్ వేస్తే, హి విల్ త్రో ద బౌల్, అండ్ హి ఈజ్ రైట్.” ఇవోనా నవ్వడం నాకు కూడా వినపడింది.

బుధవారం వాన పడింది. కాంతం తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చి మైకు ముందు కూర్చుంది. “రేడియోకి చీరెందుకమ్మా?” అన్నాడు చక్రి. “నోరు మూసుకుని ఆ మీట నొక్కు” అన్నది.

కూర, పులుసు సాగిపోయాయి. ఆమె గొంతు ఆ రోజు తేలికగా ఉంది. మధ్యలో వాన సంగతి చెప్పింది, నేను వంకాయలు తెచ్చి పాడుచేశానని చెప్పింది.

“ఇప్పుడు పక్కన చిన్న గిన్నె చూడండి. పెరుగన్నం. అవును, పెరుగే. కలిపే ఉంది. తినండి.”

ఈసారి వదిలిన మౌనం పొడుగైనది. కాంతం కళ్ళు మూసుకుంది. నేను తలుపు దగ్గర కుర్చీలో ఉన్నాను. వాన కిటికీని కొడుతోంది. ఒక ముద్ద, రెండు ముద్దలు, గిన్నె అంచు తుడిచే చివరి ముద్ద, అన్నీ ఆ మౌనంలోనే జరుగుతున్నట్లు నాకు తోచింది.

“అయిందిగా? ఇక లేచి చెయ్యి కడుక్కోండి” అన్నది కాంతం.

చక్రి పాట పెట్టాడు. కాంతం కళ్ళు తెరిచి నన్ను చూసి నవ్వింది. మేము కూడా కిందికి దిగి భోజనానికి కూర్చున్నాము.

అంతకుముందు అన్ని రోజుల భోజనాలూ తీపితో ఆగిపోయాయి గనుక, అవి పూర్తయినట్లు ఆమె మనసు ఒప్పుకోలేదు. “ఇంకొంచెం తింటే బాగుండును” అనే చెప్పింది. పెరుగన్నంతో భోజనం పూర్తయింది. పూర్తయిన భోజనం చివర తెలుగు ఇంట్లో ఏ మాట వస్తుందో ఆ మాట వచ్చింది. నేను విన్నాను, చక్రి విన్నాడు. మాలో ఎవరికీ అది వింతగా వినిపించలేదు, వింతగా వినిపించే మాట కాదు గనుక. ఈ వరుస నాకు తర్వాత అర్థమైంది.

ఫోన్ మోగినప్పుడు కాంతం నాకు మజ్జిగ పోస్తోంది. నేను లేచి తీశాను.

ఇవోనా ఏడవడం లేదు, కానీ చాలా మెల్లగా మాట్లాడింది. వేరే గదిలో ఉన్నానని, చప్పుడు విని వచ్చానని చెప్పింది. గదిలోనే, మూలనున్న వాష్‌బేసిన్ దగ్గర పడి ఉన్నాడు. తుంటి విరిగినట్లుంది, అంబులెన్స్ వచ్చింది.

“ఎందుకు లేచాడో నాకు తెలియడం లేదు. ఆయన ఎప్పుడూ లేవడు. కుళాయి తిప్పి ఉంది. చొక్కా చెయ్యి పైకి మడుచుకున్నాడు. కుడిచెయ్యి ఒక్కటే తడిసి ఉంది.”

నేను ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగాను. కాంతం మజ్జిగ గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

“ఏమంటోంది?”

“పడ్డాడట కాంతం. తుంటి దెబ్బతిన్నది. ఆసుపత్రికి తీసుకువెళుతున్నారు.”

“మంచం మీదనుంచా?”

“కాదు.”

“మరి ఎక్కడ?”

“కుళాయి దగ్గర.”

చక్రి అప్పటికే కారు తాళాలు తీసుకుని కోటు వేసుకుంటున్నాడు. కాంతం గరిటెను గిన్నెలో పెట్టి, గిన్నె మీద మూత పెట్టింది. మూత సరిగా కూర్చోకపోతే తీసి మళ్ళీ పెట్టింది.

“పెరుగన్నం తిన్నారటా?” అని అడిగింది.

ఇవోనా ఆ సంగతి కూడా చెప్పింది. “తిన్నాడట. గిన్నెలో ఏమీ మిగల్లేదట.”

“ఊఁ” అన్నది కాంతం, చెప్పులు వేసుకోవడానికి వెళ్ళింది.

ఆసుపత్రిలో గేటు మూసి లేదు, ఎవరైనా వెళ్ళవచ్చు. కాంతం రోజూ వెళ్ళి మంచం పక్కన కూర్చునేది. ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. తర్వాత ఊపిరితిత్తులలో నిమ్ము చేరింది. అతను కళ్ళు తెరిచినా మమ్మల్ని చూసినట్లు ఉండేది కాదు. నర్సులు ట్రే తెచ్చి, “మీరేమైనా చెప్పండి, మీ మాట వింటారేమో” అని ఆమెను అడిగేవారు. ఆమె అతని భుజం మీద చెయ్యి వేసి ఉంచేది. భోజనం వేళ ఆమె అతనితో మాట్లాడగా నేను వినలేదు.

జనవరిలో మంచు పడిన వారాంతంలో సాంబశివరావు చనిపోయాడు. మరణ కారణంగా న్యుమోనియా అని రాశారు. అది నిజమే.

కర్మలు ముగిశాక చక్రి అటక ఎక్కి రాగికడ్డీలు విప్పి కిందికి తెచ్చాడు. వాటిని వార్తాపత్రికలో చుడుతూ, తల్లి పై అంతస్తులో ఉన్నదని చూసుకుని, గొంతు తగ్గించాడు.

“నాన్న ఎందుకు లేచాడంటావు అత్తయ్యా? అన్నాళ్ళు కదలని మనిషి. ఆ రోజే ఎందుకు? కేర్‌హోమ్ వాళ్ళ రిపోర్టులో కారణం తెలియదని రాశారు. నేను ఊరుకోను, కంప్లెయింట్ పెడతాను. రూములో ఒక్కణ్ణీ ఎలా వదిలేస్తారు?”

ఆ వారం ఎంతమంది సిబ్బంది మిగిలారో అతనికి గుర్తుచేశాను. ఇవోనా వాళ్ళ నాన్నను ఎట్లా చూసుకున్నదో కూడా చెప్పాను. అతను అడిగిన మొదటి ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేదు. అతను నన్ను చూసి, ఆ కట్టను చెత్తడబ్బాలో వేశాడు. ఫిర్యాదు పెట్టలేదు. మరుసటి దీపావళికి దీపాలు కట్టలేదు.

2016లో నేను నా ఫ్లాటు అమ్మి వాళ్ళింటికే వచ్చేశాను. ఆ ఇంట్లో గిన్నెలు బల్ల మీద పెట్టి ఉంటాయి, ఎవరికి వారే వడ్డించుకుంటారు. కాంతం అందరికంటే ముందే తిని, మేము కూర్చునే వేళకు పైకి వెళ్ళిపోతుంది.